రెక్క తెగినవారికే ప్రవేశం

సియాటెల్‌ను ఆనుకుని ప్యూజెట్ సౌండ్ అనే ఉప్పునీటి పాయ ఉంది. డిసెంబరులో అక్కడ పగలు ఎనిమిదిన్నర గంటలే, అందులోనూ సూర్యుడు కనిపిస్తాడన్న హామీ లేదు. అలాంటి రోజున తెల్లారకముందే లేచి, సన్నటి వానలో పడవెక్కి సాల్మన్ పట్టాలనుకునే సత్పురుషులకు నాలుగు మంచి మాటలు చెప్పడం నా బాధ్యత. నాకు చేప దొరకలేదు గానీ అనుభవం దొరికింది.

వేసవిలో సాల్మన్ తనంతట తానే నదుల వైపు వస్తుంది. వచ్చేదాన్ని పట్టుకోవడంలో గొప్పేముంది? చలికాలంలో దొరికేది బ్లాక్‌మౌత్. ఇంకా పూర్తిగా ఎదగని చినూక్ సాల్మనే, చిగుళ్లు నల్లగా ఉంటాయని ఆ పేరు. తోటివాళ్లంతా పసిఫిక్ సముద్రానికి వలసపోతే ఇది మాత్రం ఊళ్లోనే ఉండిపోయి తింటూ కూర్చుంటుంది. ప్రతి కుటుంబంలోనూ ఇలాంటివాడు ఒకడుంటాడు.

ఇసుకలో దూరే సన్నటి చేపలంటే దీనికి ప్రాణం కాబట్టి ఎప్పుడూ అడుగునే తచ్చాడుతుంది. అందుకని డౌన్‌రిగ్గర్ అనే యంత్రానికి పది పన్నెండు పౌండ్ల సీసపు గుండు కట్టి, మన గాలం దారాన్ని దానికి క్లిప్పుతో తగిలించి, వంద అడుగులకు పైగా కిందికి దించాలి. పడవ నడక వేగంతో పోతుంటుంది. అడుగున ఎక్కడో గుట్ట వస్తుంది, గుండు ఇరుక్కుంటుంది. వెళ్లింది చేప కోసమే అయినా, రోజంతా కంటికి రెప్పలా కాపాడుకునేది ఆ గుండునే.

గాలం కర్ర విల్లులా వంగి ఉంటుంది. కొత్తవాళ్లు కర్ర ఇంకా వంగితే చేప పడ్డట్టు అనుకుంటారు. నిజానికి పెద్ద చేప లాగితే దారం క్లిప్పు నుంచి ఊడి, కర్ర టక్కున నిటారుగా లేస్తుంది. పిల్ల చేప పడితే క్లిప్పును ఊడదీసే సత్తువ దానికి ఉండదు, కొన మాత్రం చిన్నగా వణుకుతుంది. వణికేది కర్రో, చూస్తున్న మనమో తేల్చుకోలేక అరగంట గడిచిపోతుంది. పాపం, ఆ అరగంటా ఆ పిల్ల మన వెనకాలే ఈదుతుంటుంది.

చేప పైకొచ్చిందా, అసలు కథ అప్పుడు మొదలవుతుంది. కానిస్టేబుల్ సెలక్షన్లు చూశారా? అదే పద్ధతి. ముందు ఎత్తు కొలత: 22 అంగుళాలు ఉండాలి. తర్వాత సర్టిఫికెట్ల పరిశీలన: వీపు మీద తోకకు కాస్త ముందు ఒక చిన్న కండ రెక్క ఉంటుంది. హేచరీలో పుట్టినవాటికి చిన్నప్పుడే దాన్ని కత్తిరిస్తారు. రెక్క లేకపోతే మనది. ఉంటే నదిలో సహజంగా పుట్టిన చేప కింద లెక్క, 1999 నుంచి ముప్పులో ఉన్న జీవాల జాబితాలో ఉంది, దాన్ని పడవలోకి ఎత్తడమే నేరం. ఇంటర్వ్యూ నీళ్లలోనే జరగాలి. ఇంతా చేసి, గాలం కొక్కేనికి చేప జారిపోకుండా పట్టే ఎదురు ముల్లు ఉండకూడదు. దారం కాస్త వదులైతే చాలు, అభ్యర్థి మధ్యలోనే లేచి వెళ్లిపోవచ్చు.

ఇంకో విశేషం. కొన్ని ప్రాంతాల్లో వదిలేసిన చేపలనూ లెక్కిస్తారు. ఇన్ని చేపలు తారసపడ్డాయని తేలగానే సీజన్ మూసేస్తారు. అంటే మనం తిన్నవే కాదు, పలకరించినవీ ఖాతాలో పడతాయి. ఇంత నిక్కచ్చి పద్దు మా ఆఫీసులో కూడా లేదు.

మూడు గంటల తర్వాత మా కర్ర నిటారుగా లేచింది. బావ వల పట్టుకుని వంగాడు. పొడవు చాలు, ఒళ్లంతా వెండిలా మెరుస్తోంది.

"రెక్క ఉందా?" అన్నాను.

"ఉంది."

"సరిగ్గా చూడు బావా, ఆకేమో."

"సముద్రం మధ్యలో ఆకేంట్రా?"

చిటికెన వేలంత రెక్క, నీళ్లలో చక్కగా ఊగుతోంది. బావ గాలం తీసేశాడు. అది వెంటనే పోలేదు, ఒక క్షణం పడవ పక్కనే నిలబడింది. ఆపైన తోక ఒక్కసారి విదిలించి, బావ కళ్లద్దాల మీద నీళ్లు చిమ్మి పోయింది.