గ్యోంగ్జులో మాకు దక్కని ఐదు గంటలు

రాత్రి పదకొండున్నర అయింది. అమ్మ పడుకుంది. ఆమె కళ్ల మీద వెలుతురు పడకూడదని బాత్రూమ్ లైటు మాత్రం వేసుకుని, గడప దగ్గర కూర్చుని టైప్ చేస్తున్నాను. పొద్దున్నదాకా ఆగితే కోపం చల్లారిపోతుంది. చల్లారకముందే చెప్పాలి.

బుక్ చేసినప్పుడు చెకిన్ మధ్యాహ్నం 3 గంటలు అని ఉంది. డబ్బు ముందే కట్టేశాను. 70,000 వోన్లు, మన లెక్కలో నాలుగు వేలకు పైనే. పొద్దున పుసాన్ నుంచి దక్షిణ కొరియాలోని ఈ గ్యోంగ్జుకు వచ్చి బస్సు దిగి, బస్టాండ్ పక్క సందులో ఉన్న ఈ మోటల్‌లో బ్యాగులు పడేసి ఊరు చూడటానికి వెళ్లాం. బ్యాగులు తీసుకున్న అబ్బాయి ఏమీ చెప్పలేదు. సాయంత్రం నాలుగింటికి కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగొస్తే, కౌంటర్ కిటికీలోంచి ఒక పెద్దావిడ ఫోన్‌లో అనువాదం చూపించింది. "శనివారం గది రాత్రి తొమ్మిది గంటలకు." నా బుకింగ్ చూపించాను. ఆవిడ తల అడ్డంగా ఊపి తొమ్మిది వేళ్లు చూపించింది. అక్కడ కూర్చోవడానికి ఒక కుర్చీ కూడా లేదు.

అమ్మకు అరవై నాలుగేళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి.

కారణం తర్వాత తెలిసింది. ఇక్కడి మోటళ్లలో దేసిల్ అని ఒక పద్ధతి ఉంది. పగటిపూట గదిని కొన్ని గంటల లెక్కన అద్దెకిస్తారు. శనివారం ఆ గిరాకీ ఎక్కువ కాబట్టి, రాత్రికి దిగేవాళ్లను వెనక్కి జరుపుతారు. వాళ్ల వ్యాపారం వాళ్లది, దాంతో నాకు తగువు లేదు. ఆ మాట బుకింగ్‌లో ఎందుకు రాయరు? రాస్తే మేం ఆదివారం వచ్చేవాళ్లం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున పదకొండు దాకా పద్నాలుగు గంటలు, దానికి ఒక రోజు అద్దె!

ఇంకో ఊళ్లో అయితే ఇంత బాధపడేదాన్ని కాదేమో. ఇది గ్యోంగ్జు. దాదాపు వెయ్యేళ్లు సిల్లా అనే పాత కొరియా రాజ్యానికి రాజధాని. సోషల్ టీచర్‌గా రిటైరైన మా అమ్మ ఈ ఊరి కోసం నోట్‌బుక్‌లో ఆరు పేజీలు రాసుకుని వచ్చింది. మధ్యాహ్నం బుల్గుక్సా గుడిలో దాబోతాప్ అనే రాతి స్తూపం ముందు నిలబడి, పర్సులోంచి పది వోన్ల నాణెం తీసి, "చూడవే, ఇదే ఇది" అని నాణెం మీది బొమ్మను, ఎదురుగా ఉన్న స్తూపాన్ని మార్చి మార్చి చూపించింది. చిన్నపిల్లలా మురిసిపోయింది.

ఆ తర్వాత కొండ మీదికి, సొక్కురం అనే గుహాలయానికి. బస్సు దిగాక అడవి దారిలో నడవాలి. అమ్మ మధ్యలో రెండుసార్లు ఆగింది కానీ వెనక్కి వెళ్దామనలేదు. గ్రానైట్ రాళ్లతో కట్టిన గుండ్రటి గది, మధ్యలో భూమిని తాకుతున్న ముద్రలో బుద్ధుడు. మూడు మీటర్లు దాటిన విగ్రహం, తూర్పు సముద్రం వైపు చూపు. మనం మాత్రం అద్దం ఇవతలే ఆగిపోవాలి. 1910లలో, అప్పట్లో కొరియాను ఏలిన జపాన్ వాళ్లు మరమ్మతు పేరుతో సిమెంటు పూసి లోపల తేమ పట్టేలా చేశారు. దాని ఫలితం ఇవాళ్టికీ ఈ అద్దం, ఈ ఏసీ. సిమెంటు పూసి వెళ్లినవాళ్లు వెళ్లిపోయారు, బుద్ధుడు అద్దం వెనక మిగిలాడు. నాకు కడుపు రగిలిపోయింది. ఒక కథ ఉంది. 751లో ఈ పని మొదలుపెట్టించిన కిమ్ దేసొంగ్ అనే మంత్రి, ఈ జన్మలో కన్నవాళ్ల కోసం బుల్గుక్సాను, కిందటి జన్మలో కన్నవాళ్ల కోసం సొక్కురాన్ని కట్టించాడంటారు. అది అమ్మే నాకు చెప్పింది, అద్దానికి దగ్గరగా నిలబడి, గొంతు తగ్గించి.

అలాంటి పూట గడిపిన మనిషిని, గది దొరక్క ఐదు గంటలు చలిలో తిప్పాను.

ఎక్కడికి వెళ్తాం? దేరుంగ్వన్‌కి వెళ్లాం. ఊరి మధ్యలో పచ్చగడ్డి పరిచిన పెద్ద పెద్ద సమాధి దిబ్బలు ఉన్న తోట. నవంబరు కదా, ఐదున్నరకే చీకటి పడింది. అమ్మ బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చుంది. పక్క వీధి హ్వాంగ్నిదాన్‌గిల్‌లో కాఫీ షాపులన్నీ కిటకిట, ఎక్కడా రెండు కుర్చీలు ఖాళీ లేవు. ఎర్ర బీన్స్ పూర్ణం పెట్టిన హ్వాంగ్నం రొట్టెలు కొని తెచ్చాను. వేడిగా ఉన్నాయని తినకముందు వాటిని చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఆ చేతులు చూశాక నాకు ఏడుపొచ్చింది.

అసలు మా ప్లాన్ వేరు. మూడింటికి గదికి వచ్చి, అమ్మ రెండు గంటలు నడుం వాల్చాక, ఏడింటికి వొల్జి చెరువుకు వెళ్లాలి. 674లో రాజభవనం పక్కన తవ్వించిన చెరువు. 1975లో నీళ్లు తోడేసి తవ్వకాలు మొదలుపెడితే అడుగున ముప్పై వేలకు పైగా వస్తువులు దొరికాయి. చూడాల్సింది రాత్రిపూటే, దీపాలు వేశాక మండపాలు నీళ్లలో కనిపిస్తాయి. అమ్మ నోట్‌బుక్‌లో దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గీత ఉంది. ఎనిమిదింటికి "ఇంక నడవలేనమ్మా" అంది. రేపు మధ్యాహ్నం రైలుకు సియోల్, ఎల్లుండి ఇంటికి. ఇంక ఆ చెరువును చూసేదెప్పుడు?

ఫ్యామిలీ గ్రూపులో చెప్పుకుంటే అన్నయ్య జవాబు: "ఇంకో మూడు వేలు పెడితే మంచి హోటలే వచ్చేది కదా, అమ్మను తీసుకెళ్లి ఇంత పిసినారితనమా." నన్ను నిజంగా మండించింది ఇది. ధర చెప్పింది మోటల్ వాళ్లు. నేను బేరమాడలేదు, అడిగినంతా కట్టాను. ఇక్కడ పెద్ద హోటళ్లు చాలావరకు బోమున్ చెరువు దగ్గర, ఊరికి దూరంగా ఉంటాయి. 2025లో ఆసియా-పసిఫిక్ దేశాల కూటమి అపెక్ సమావేశాలకు దేశాధినేతలు వచ్చిన చోటు అది. అమ్మకు ఈ దిబ్బల పక్కన ఉండాలని ఉంది. తక్కువ డబ్బు పెట్టినవాళ్ల గంటలు గంటలు కావా?

డబ్బు కట్టాక కూడా గది కోసం నిలబడటం నాకు కొత్త కాదు. మూడేళ్ల కిందట ఆఫీసు పని మీద మన దగ్గరే ఒక జిల్లా కేంద్రానికి ఒంటరిగా వెళ్లాను. లాడ్జికి ముందే డబ్బు కట్టాను, ఆధార్ చేతిలో ఉంది. రాత్రి తొమ్మిదిన్నర. కౌంటర్లో అతను నా వెనక చూస్తూ, "సింగిల్ లేడీస్‌కి రూమ్ ఇవ్వమండి. మీ వారుగానీ, అన్నదమ్ములుగానీ వస్తే ఇస్తాం" అన్నాడు. నలభై నిమిషాలు నిలబడ్డాను. చివరికి అన్నయ్యకు ఫోన్ చేసిస్తే, కౌంటర్ అతను అన్నయ్యతో రెండు మాటలు మాట్లాడి తాళం ఇచ్చాడు. నా డబ్బు, నా కార్డు, నా ఉద్యోగం ఏవీ చాల్లేదు, ఫోన్‌లో ఒక మగ గొంతు చాలింది. "నేను లేకపోతే ఆ రోజు నీకు రూమే దొరికేది కాదు" అని అన్నయ్య ఇప్పటికీ గొప్పగా చెప్తాడు. అన్నయ్యా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. నువ్వు కోప్పడాల్సింది లాడ్జి మీద. ఆ రోజూ నాకే సర్దుకోమన్నావు, ఇవాళా నాకే చెప్తున్నావు.

ఆ దేరుంగ్వన్‌లోనే హ్వాంగ్నందేచోంగ్ అని జంట దిబ్బ ఉంది, 120 మీటర్ల పొడవు. దక్షిణం వైపు మగ మనిషి సమాధి, ఉత్తరం వైపు ఆడమనిషిది. తవ్వితే అసలు బంగారు కిరీటం ఆమె దగ్గర దొరికింది. అతనిది బంగారు పూత పూసిన కంచు కిరీటం. కాస్త దూరంలో చొమ్సొంగ్దే, నక్షత్రాలు చూడటానికి కట్టిన రాతి బురుజు. అది సొందొక్ రాణి కాలం నాటిది, 632 నుంచి 647 వరకు ఈ ఊరి నుంచే రాజ్యమేలింది ఆమె. అమ్మ బెంచీ మీద కూర్చుని ఇవన్నీ చెప్తుంటే నాకు ఆ లాడ్జి కౌంటరే కళ్ల ముందు మెదిలింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ చెప్తున్నాను. ఈ పెద్దావిడ మమ్మల్ని వెంట మగవాళ్లున్నారా అని అడగలేదు. గది శుభ్రంగా ఉంది, నేల కింద నుంచి వెచ్చగా వస్తోంది. అమ్మ మంచం వదిలేసి ఆ నేల మీదే దుప్పటి పరుచుకుని, "మోకాళ్లకు హాయిగా ఉందే" అంటూ నిద్రపోయింది. ఇంత మంచి గదిని నాలుగింటికి ఇచ్చి ఉంటే ఆవిడకు చేతులెత్తి దండం పెట్టేదాన్ని.

బుకింగ్ పేజీలో రివ్యూ పెట్టాను. అనువాదం చేసుకుని కొరియన్‌లో, కింద ఇంగ్లిష్‌లో. తిట్లేమీ రాయలేదు. శనివారం గది రాత్రి తొమ్మిదికి ఇస్తారు, లాబీలో కుర్చీ లేదు, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు ముందే ఫోన్ చేసి అడగండి అని రాశాను. రేపు పొద్దున పదకొండింటికి ఖాళీ చేయాలి. వొల్జి పొద్దున తొమ్మిదికి తెరుస్తారు. దీపాలు ఉండవు. అయినా అమ్మను టాక్సీలో తీసుకెళ్తాను.