టెక్సాస్ బడి ఆటలకు పెద్దలెవరు?

నంబర్ సెన్స్ పోటీ గురించి టెక్సాస్‌లోని మన తెలుగు ఇళ్ళలో ఎవరికీ చెప్పనక్కరలేదు. పది నిమిషాల్లో 80 లెక్కలు, అన్నీ మనసులోనే చేయాలి, రాసిన జవాబు దిద్దకూడదు. దాన్ని నిర్వహించే యుఐఎల్ పేరూ తెలుసు. శుక్రవారం రాత్రి బడుల ఫుట్‌బాల్‌ను నడిపేది కూడా ఆ యుఐఎల్లే అన్న సంగతి మాత్రం, పిల్లవాడు వర్సిటీ జట్టుకు, అంటే బడి ప్రధాన జట్టుకు అనర్హుడని కబురు వచ్చిన రోజున గానీ చాలామందికి తెలియడం లేదు.

యుఐఎల్, అంటే యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్, 1910లో డిబేటు పోటీల కోసం పుట్టింది. నేటికీ ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో భాగమే. అయితే నియమాలు రాసేది ప్రొఫెసర్లు కారు. స్కూల్ డిస్ట్రిక్టుల సూపరింటెండెంట్లు తమలో నుంచి ఎన్నుకునే లెజిస్లేటివ్ కౌన్సిల్ వాటిని రాస్తుంది, రాష్ట్ర విద్యా కమిషనర్ ఆమోదిస్తారు. ఆ సూపరింటెండెంట్లను నియమించేది స్కూల్ బోర్డు. ఆ బోర్డును ఎన్నుకునేది మనం. పౌరసత్వం వచ్చి కూడా అధ్యక్ష ఎన్నికలప్పుడు తప్ప పోలింగు కేంద్రం గడప తొక్కని మనం!

బడులను విద్యార్థుల సంఖ్యను బట్టి 1ఎ నుంచి 6ఎ వరకు విభజించి, రెండేళ్ళకోసారి జిల్లాలను, అంటే ఒకదానితో ఒకటి పోటీపడే బడుల గుంపులను, మళ్ళీ గీస్తారు. ఈ విభజన మన ఇంటి బేరం దాకా వస్తుంది. డల్లాస్ శివారు ఫ్రిస్కోలో డజను హైస్కూళ్ళున్నాయి. బడులు చిన్నవిగా ఉండాలన్నది అక్కడి విధానం. పక్కనే అలెన్‌లో హైస్కూలు ఒక్కటే, అయిదు వేలకు పైగా పిల్లలు. వర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుకు డజను మందినే తీసుకుంటారనుకుంటే ఫ్రిస్కోలో సుమారు 150 మందికి చోటుంటుంది, అలెన్‌లో పన్నెండు మందికి. ఇల్లు కొనేటప్పుడు వాస్తు చూస్తాం, బడి రేటింగు చూస్తాం. మన అమ్మాయికి జట్టులో చోటు దొరికే బడి ఏదో మాత్రం అడగం. అలెన్‌ను తప్పుపట్టడం లేదు. ఆరు కోట్ల డాలర్ల స్టేడియం కట్టుకుని, తెరిచిన రెండేళ్ళకే పగుళ్ళొచ్చి మూసి, బాగుచేసుకుని మళ్ళీ ఆడుతున్న ఊరది. ఆటంటే ఆ ఊరికి అంత పిచ్చి. ఆ పిచ్చి మధ్య మనవాళ్ళ పిల్లలకు బెంచీ మీద కూడా చోటు దొరకదని చెబుతున్నాను.

ఇక బడి మారితే వచ్చే తంటా. ఉద్యోగాల కోసం, పెద్ద ఇళ్ళ కోసం ఊళ్ళు మారడం మనకు మామూలు. హైస్కూల్లో ఆడుతున్న పిల్లలు బడి మారితే ఒక ఫారం నింపాలి. అందులో పాత బడివారు కూడా చెప్పాలి: ఈ విద్యార్థి ఆట కోసమే మారుతున్నాడా? అవునని తేలితే ఏడాదిపాటు వర్సిటీకి దూరం. తల్లిదండ్రులు నిజంగా కాపురం మార్చారా అన్నదీ చూస్తారు. సామాను ఎక్కడుంది, ఉత్తరాలు ఏ చిరునామాకు వస్తున్నాయి, ఓటు ఉంటే ఎక్కడ నమోదైంది. అద్దెకు అపార్ట్‌మెంటు తీసుకుని పాత ఇంట్లోనే ఉండే తెలివి ఇక్కడ చెల్లదు, చెల్లకూడదు కూడా.

నాకు నచ్చనిది వేరే ఉంది. ఆ తీర్పు చెప్పే జిల్లా కార్యనిర్వాహక సంఘంలో కూర్చునేది ఆ జిల్లాలోని బడుల ప్రతినిధులే, అంటే మైదానంలో ప్రత్యర్థులు. వచ్చే నెల తమను ఓడించగల ఆటగాడి అర్హత మీద వాళ్ళే చెయ్యెత్తుతారు. పైన రాష్ట్ర సంఘానికి అప్పీలు ఉన్నా, అది తేలేలోగా సీజన్ సగం గడిచిపోవచ్చు. తొలి తీర్పే వేరే జిల్లావాళ్ళకు అప్పగిస్తే పోయేదేముంది?

చదువు పాడవుతుందని భయపడేవారికి ఒక మాట. 1984లో వచ్చిన ‘నో పాస్, నో ప్లే’ చట్టం ప్రకారం ఏ సబ్జెక్టులో అయినా 70 కంటే తక్కువ వస్తే పోటీల్లో ఆడనివ్వరు. మొదట్లో ఆ నిషేధం ఆరు వారాలు, 1995లో మూడుకు తగ్గించారు. అడ్వాన్స్‌డ్ కోర్సులకు మినహాయింపు ఉంది. బడివేళలు కాక, బడి నడిచే వారంలో ఒక్కో ఆటకు ఎనిమిది గంటలకు మించి సాధన చేయించకూడదన్న నియమమూ ఉంది. మనం పంపే ట్యూషన్లకు అలాంటి హద్దు పెట్టినవారు లేరు. ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారికి అప్పగించిన బడుల్లో చదివొచ్చిన తరం కదా, ఆ అలవాటు సముద్రం దాటినా వదల్లేదు.

నియమాలు శిలాశాసనాలు కావు. నల్లజాతి పిల్లల బడులు 1960ల దాకా ప్రెయిరీ వ్యూ కళాశాల కేంద్రంగా నడిచిన వేరే లీగ్‌లో ఆడుకోవలసి వచ్చింది. యుఐఎల్ తలుపులు 1967లో గానీ తెరుచుకోలేదు. మొన్నటికి మొన్న 2022-23లో వాటర్ పోలో అధికారిక క్రీడగా చేరింది.

మరి క్రికెట్ ఎందుకు లేదని ప్రతి పిక్నిక్‌లోనూ అడుగుతాం. 2024 ప్రపంచకప్‌లో అమెరికా పాకిస్తాన్‌ను ఓడించింది ఇదే టెక్సాస్‌లోని గ్రాండ్ ప్రెయిరీలో, ఇంకేం కావాలంటాం. కౌన్సిల్‌కు ప్రతిపాదన ఎవరైనా పంపవచ్చు. అయితే ఉత్తర డల్లాస్ శివార్లకే పరిమితమైన ఆట అనిపిస్తే చాలు, అది పక్కకు పోతుంది. వెస్ట్ టెక్సాస్‌లో ఆరుగురితోనే ఫుట్‌బాల్ ఆడే చిన్న బడి సూపరింటెండెంట్ ఓటూ మనకు కావాలి. ఎన్ని బడులు ఆడతాయి, కోచ్ ఎవరు, మైదానం ఏది, అమ్మాయిలకు కూడా జట్టు ఉంటుందా అని ఆయన అడుగుతారు. చివరి ప్రశ్నకు జవాబు ముందుగా మన తెలుగు సంఘం నడిపే టోర్నమెంటులోనే వెతకాలి: అక్కడ అమ్మాయిల జట్లు ఎన్ని?