మీరెక్కడున్నా సరే, భద్రతా రికార్డు గారికి

మహారాజశ్రీ వృద్ధాశ్రమాల భద్రతా రికార్డు గారికి నమస్కరించి రాయునది.

ఉత్తరం ఉభయకుశలోపరితో మొదలుపెట్టడం మా ఇంటి ఆచారం. కానీ మీ కుశలం అడగాలంటే ముందు మీరు పుట్టి ఉండాలి. పుట్టారో లేదో, పుట్టి ఏ బీరువాలోనైనా నిద్రపోతున్నారో ఎవరూ చెప్పలేకపోతున్నారు. చిరునామా దొరకని కారణంగా ఈ ఉత్తరాన్ని నలుగురూ చదివేలా బయటే రాస్తున్నాను. మీ జాడ తెలిసినవారు అందజేస్తారని ఆశ.

సంగతేమిటంటే, మా పెద్దమ్మకు ఎనభై రెండేళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. కొడుకు డాలస్‌లో, కూతురు పుణెలో. ఆమె ఉండడానికి మంచి ఆశ్రమం చూసిపెట్టే భారం చెల్లెలి కొడుకునైన నా మీద పడింది. హైదరాబాద్ శివార్లలో కొన్ని, విజయవాడ చుట్టుపక్కల కొన్ని చూశాను. గేటు దాటగానే తులసికోట. లోపల అద్దంలా మెరిసే పాలరాతి గచ్చు (ఊతకర్రతో నడిచేవాళ్లకు పాలరాయిని సిఫారసు చేసిన మహానుభావుడెవరో మీరే కనిపెట్టాలి). గోడమీది టీవీలో సుప్రభాతం. శాకాహార భోజనం, యోగా, వారానికోసారి డాక్టరు, నెలకోసారి భజన. అన్నీ ఓపికగా చూపించారు. చివర్లో నేను మీ గురించి అడిగాను.

"ఏం రికార్డు సార్?"

"ఇక్కడ పెద్దవాళ్లు ఎవరైనా జారిపడ్డారా, ఎప్పుడు పడ్డారు, తర్వాత మీరేం చేశారు, అవన్నీ రాసిపెట్టిన పుస్తకం."

"అయ్యో, మా దగ్గర అలాంటివి జరగవండీ. పెట్టి ఆరేళ్లయింది. ఇంతవరకు ఒక్కరు కూడా పడలేదు."

నలభై మంది, అందరూ ఎనభైకి అటూ ఇటూ ఉన్నవారు, ఆరేళ్ల కాలం. ఒక్కరూ పడలేదు. భూమ్యాకర్షణ శక్తి ఆ ఆశ్రమం ప్రహరీగోడ దగ్గరే ఆగిపోతుందన్నమాట. అరవై అయిదు దాటినవారిలో ఏటా నూటికి 28 నుంచి 35 మంది పడుతుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో లెక్కగట్టింది. ఆ లెక్కన అక్కడ ఏడాదికి పదిమందైనా పడాలి. పడే ఉంటారు. కాగితం మీద కలం మాత్రమే పడలేదు. ప్రమాదాలే ఎరుగని ఆ యాజమాన్యం మా చేత సంతకం పెట్టించాలనుకున్న ఒప్పంద పత్రంలో మాత్రం, ఆవరణలో జరిగే ఏ ప్రమాదానికీ తాము బాధ్యత వహించబోమన్న షరతు స్పష్టంగా ఉంది.

అప్పటి నుంచి సున్నా అన్న మాట వింటే నాకు గుండె దడ. ఒక్క చోట మాత్రం ఒక నర్సమ్మ, కాస్త మొహమాటపడుతూనే, అట్ట చిరిగిన లాంగ్‌బుక్ తీసి ముందు పెట్టింది. తెల్లవారుజామున బాత్‌రూమ్ గడప దగ్గర, ఎడమ మణికట్టు వాపు, ఇంటికి ఫోన్ చేశాం, ఎక్స్‌రే తీయించాం, మర్నాడు గోడకు కమ్మీ బిగించాం. ఇలా పేజీల కొద్దీ. ఈ సంగతి ఫోన్లో చెబితే మా డాలస్ అన్నయ్య హడలిపోయాడు. "ఇన్నిసార్లు పడ్డారా? అక్కడ వద్దే వద్దు. ఆ సున్నా వాళ్లదే ఖాయం చెయ్యి" అన్నాడు. చూశారా, రికార్డు గారూ, మీరు కనబడితే ఒక భయం, కనబడకపోతే ఒక ధైర్యం. ఇలాంటి దేశంలో మీరు పుట్టడానికి జంకడంలో ఆశ్చర్యమేముంది?

అన్నయ్యకు మీ వంశం కొత్తేమీ కాదు. మీ పెదనాన్న బిడ్డలు ఆయనున్న అమెరికాలోనే బాగా స్థిరపడ్డారు. అక్కడ 1987లో వచ్చిన చట్టం పుణ్యమా అని, ప్రభుత్వ సొమ్ము తీసుకునే ప్రతి నర్సింగ్ హోమ్‌నూ (అక్కడ ఆ మాటకు చిన్న ఆసుపత్రి అని కాదు, నర్సుల సాయం కావలసిన పెద్దవాళ్లు ఉండే చోటని అర్థం) 15 నెలలు దాటకుండా తనిఖీ చేయాలి. తప్పులు ఎంత తీవ్రమైనవో చెప్పడానికి ఎ నుంచి ఎల్ దాకా అక్షరాలున్నాయి. జె, కె, ఎల్ పడ్డాయంటే లోపలివారి ప్రాణాలకే ముప్పు ఉందని అర్థం. ఆ నివేదికను అడిగినవారికి అడిగినట్టు చదువుకునేలా ఆవరణలోనే పెట్టాలి. 2008 నుంచి అయిదు నక్షత్రాల మార్కులు కూడా ఇస్తున్నారు. 2019 నుంచి, హింస జరిగినట్టు తేలిన చోట పేరు పక్కనే ఎర్రటి వలయంలో తెల్లటి చెయ్యి బొమ్మ వేస్తున్నారు. ఇంగ్లండ్‌లో మరీ చోద్యం. 2015 నుంచి, వచ్చిన రేటింగ్ "బాగాలేదు" అయినా సరే, దాన్ని సంరక్షణ కేంద్రాల వాళ్లే అందరికీ కనబడేలా తమ గోడకు తగిలించుకోవాలి.

అలాగని మీ అమెరికా బంధువులు సత్యహరిశ్చంద్రులని నేననను. ఆ నక్షత్రాల్లో కొంత భాగం ఆ హోమ్‌లు తమ గురించి తామే రాసిపంపే లెక్కల మీద నిలబడింది. ఆసుపత్రి దాకా తీసుకెళ్లిన తీవ్ర గాయాల్లో, అంటే పడటం వల్ల తగిలిన వాటిలో, 43 శాతాన్ని నర్సింగ్ హోమ్‌లు రాయనేలేదని ఆ దేశ ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయమే 2025లో తేల్చింది. ఇంకో తిరకాసు కూడా ఉంది. మనవాళ్లు అక్కడ అమ్మానాన్నల కోసం ఎక్కువగా చూసే, స్నానం, మందుల వంటి రోజువారీ పనుల్లో చెయ్యి అందించే అసిస్టెడ్ లివింగ్ కేంద్రాలకు ఈ నక్షత్రాలే వర్తించవు. వాటి సంగతి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకుంటుంది. అయినా అబద్ధం రాశారని పట్టుకోవాలంటే ముందు ఏదో ఒకటి రాసి ఉండాలి కదా. మన దగ్గర ఆ బాధ కూడా లేదు.

మీ జాతకం ఇక్కడ ఎందుకిలా అయిందో విచారించాను. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దిక్కులేని వృద్ధుల కోసం జిల్లాకొక ఆశ్రమం, అందులో 150 మందికి చోటు, అని అందులో ముచ్చటగా రాశారు. డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు ఆశ్రమాలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు ఉండాలంటూ 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అంటే మీ తల్లికి నెల తప్పినట్టే. పార్లమెంటు స్థాయీ సంఘం పరీక్షించింది, నివేదిక ఇచ్చింది. 2024లో ఆ సభ రద్దయ్యేసరికి బిల్లూ మురిగిపోయింది. పదిహేడో లోక్‌సభ కడుపులోనే మీరు పోయారని కొందరి అనుమానం. నేను నమ్మదలచుకోలేదు కాబట్టే ఈ ఉత్తరం.

మీరు లేకపోతే తనిఖీలే లేవనుకోకండి. పుట్టినరోజు తనిఖీలు బ్రహ్మాండంగా జరుగుతున్నాయి. నాయకుడి పుట్టినరోజున పళ్లు, రొట్టెలు. పెద్ద నాయకుడైతే దుప్పట్లు. ఒక అరటిపండును ఆరుగురు పట్టుకుని ఒక ముసలమ్మ చేతిలో పెడుతున్న ఫోటోలు ఆల్బముల నిండా ఉన్నాయి. మీ స్థానంలో మాకు చూపించేది ఆ ఆల్బమే. సందర్శకుల పుస్తకంలో "చాలా బాగా నిర్వహిస్తున్నారు, భగవంతుడు చల్లగా చూడాలి" అని అందరిదీ ఒకటే మాట, దస్తూరీలే వేరు. వంటగది చూసినవారు లేరు. మంచాన పడ్డవారిని ఒక పక్కకు తిప్పి వీపు మీద పుండ్లున్నాయా అని చూసినవారు అసలే లేరు. దుప్పటి కప్పి ఫోటో దిగడమే గాని తీసి చూసే ఆచారం మనకు లేదు. అన్నదాతల పేర్లు మాత్రం పాలరాతి పలక మీద శాశ్వతంగా చెక్కి ఉన్నాయి.

మంటల విషయం అడిగితే కొందరు నన్ను అపశకునం పక్షిలా చూశారు. 2023 జనవరి 1 తెల్లవారుజామున ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లోని వృద్ధుల సంరక్షణ కేంద్రంలో మంటలు లేచి ఇద్దరు వృద్ధురాళ్లు చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో చైనాలోని హెబెయ్ రాష్ట్రంలో ఇలాంటి చోటే 20 మంది. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి వృద్ధాశ్రమాలను ఆసుపత్రులు, జైళ్లు ఉన్న వర్గంలోనే చేర్చింది. ఆపద వస్తే లోపలివారు తమంతట తాము బయటపడలేరని అది రాసినవారికి తెలుసు. తెలియనిది ఇల్లు అద్దెకు తీసుకుని బోర్డు కట్టేసేవారికే. ప్రతి కిటికీకీ ఇనుప గ్రిల్, మెట్ల కింద గ్యాస్ బండలు, రాత్రి గేటుకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందని అడిగితే "వాచ్‌మన్ దగ్గర సార్" అన్నారు. వాచ్‌మన్ ఎక్కడుంటాడంటే టీ తాగడానికి వెళ్లాడన్నారు.

ఎండల సంగతి కూడా చెప్పాలి. 2017లో ఇర్మా తుపాను తర్వాత ఫ్లోరిడాలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీ ఆగిపోయి, ఉక్కకు తట్టుకోలేక 12 మంది పోయారు. ఆసుపత్రి దాదాపు ఎదురుగానే ఉంది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం, 96 గంటలు చల్లదనం నిలిపేలా జనరేటరు, ఇంధనం ఉండాలని చట్టం చేసింది. రెంటచింతల ఎండలు, రామగుండం వడగాడ్పులు ఎరిగిన మనం ఆశ్రమంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. జనరేటరు ఉందా అని కాదు, ఉందనే అంటారు. దాని కనెక్షన్ పడక గదుల ఫ్యాన్లకు ఉందా, ఆఫీసు గదికీ టీవీకీ మాత్రమేనా అని. నేను చూసిన ఒక చోట మోటారుకూ, స్వాగత ద్వారం మీది రంగుల దీపాలకూ ఉంది.

మీరు లేని లోటు తీర్చుకోవడానికి నాకు పెళ్లి సంబంధాల పద్ధతి ఒక్కటే దిక్కయింది. అబ్బాయి తరఫువారు చెప్పింది మన పెద్దలు నమ్మేవారా? వీధి చివర కిళ్లీకొట్టు వాడిని, పాలు పోసేవాడిని కదిపేవారు. నేనూ అదే పని చేశాను. ఆశ్రమం దగ్గరి మెడికల్ షాపులో కాసేపు నిలబడితే, నిద్రమాత్రలు ఎన్ని పట్టీలు వెళుతున్నాయో, పుండ్లకు రాసే మందు ఎంత వెళుతోందో తెలిసింది. అంబులెన్సు డ్రైవరుకు రాత్రి పిలుపు వస్తుందా, తెల్లారాకే వస్తుందా అన్నది నోటికి వచ్చు. అక్కడ ఆరునెలలు చేసి మానేసిన ఆయా చెప్పేది ఇంకెవరూ చెప్పలేరు. జీతం గురించి మొదలుపెట్టి, రాత్రిపూట ముప్పైమందికి ఒక్క మనిషే ఉండేదన్న దగ్గర ఆగింది. మతిమరుపు ఉన్నవారు లేచి తిరగకుండా ఏం చేసేవారని అడిగితే చున్నీ వైపు చూసి ఊరుకుంది.

ఆ పైన పది రూపాయలు పెట్టి ఆర్టీఐ దరఖాస్తు వేశాను. ఆశ్రమం ప్రైవేటుదైనా, అగ్నిమాపక శాఖ దగ్గర, మున్సిపాలిటీ దగ్గర దాని కాగితాలేమైనా ఉంటే అడగవచ్చు. సమాధానానికి 30 రోజుల గడువు. వృద్ధుల సహాయ నంబరు 14567 కూడా ఉంది. అది 2017లో మొదట పుట్టింది మన హైదరాబాద్‌లోనే, తర్వాతే దేశమంతా పాకింది. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పలుకుతుంది. ఆపద కూడా ఆ వేళల్లోనే రావాలని మొక్కుకోవాలి.

ఇంత తిరిగాక, చివరి ఆశ్రమానికి పెద్దమ్మనే వెంట తీసుకెళ్లాను. మేమంతా ఫీజు, డిపాజిట్, గది ఏ దిక్కున ఉందన్న చర్చలో ఉండగా ఆమె మేనేజరుని పిలిచింది. "బాబూ, రాత్రి రెండింటికి నేను పిలిస్తే ఎవరొస్తారు? ఆ మనిషి పేరేమిటి?" అంది. ఆయన బజర్ చూపించాడు. "నొక్కు" అంది. నొక్కాడు. ఎవరూ రాలేదు. బ్యాటరీ అయిపోయిందన్నాడు. "సరే, బ్యాటరీ వేశాక మళ్లీ వస్తాం" అని ఆమె చెప్పులేసుకుంది. దేశంలో ప్రైవేటు వృద్ధాశ్రమాల మీద జరిగిన అత్యంత సమగ్ర తనిఖీ ఇదేనని నా ఉద్దేశం. అయిన ఖర్చు ఆటో చార్జీలు.

కాబట్టి, రికార్డు గారూ, మీరు పుట్టే ముచ్చట ఎప్పటికైనా ఉంటే ఒక మనవి. ఏ కార్యాలయంలోనో ఫైలుగా పుట్టవద్దు. గేటు పక్కన, అన్నదాతల పాలరాతి పలకకు ఆనుకుని పుట్టండి. తెలుగులో పుట్టండి. కంటి ఆపరేషన్ అయినవారు కూడా నిలబడి చదువుకునేంత పెద్ద అక్షరాల్లో పుట్టండి. ఎంతమంది పడ్డారు, ఎంతమందికి పుండ్లు పడ్డాయి, రాత్రిపూట ఎంతమంది మేలుకుని ఉంటారు, చివరిసారి ఎవరు ఏ తేదీన వచ్చి చూశారు. అంతే చాలు. పేజీలు నిండుగా ఉన్నా భయపడను. డాలస్ అన్నయ్యకు నేను సర్దిచెప్పుకుంటాను.

ఇట్లు,
డిపాజిట్ ఇంకా కట్టని
చెల్లెలి కొడుకు