అమ్మ స్టూలెక్కక ముందే

పోయినేడు జూన్‌లో ఒక మంగళవారం ఆఫీసు నుంచి కాస్త పెందలాడే ఇంటికొచ్చాను. వంటగదిలో అమ్మ గ్రానైట్ గట్టు మీద మోకాళ్లేసుకుని కూర్చుని ఉంది. గట్టు పక్కన స్టూలు. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపి, తలకి తువ్వాలు చుట్టుకుని, కేబినెట్ల పైభాగం గీకుతోంది. చేతిలో పాత అట్లకాడ. స్టవ్ మీద ఇండియన్ స్టోర్ వాళ్ల వారాంతపు ఆఫర్ల కాగితాలు పరిచి ఉన్నాయి. వాటి మీద నల్లగా, తారు పెళ్లల్లా ఏదో రాలుతోంది.

"దిగమ్మా ముందు" అన్నాను.

"ఉండరా, ఈ మూల అయిపోతే దిగుతా. ఇల్లు అద్దంలా పెట్టుకున్నారు, సంతోషమే. పైన ఎప్పుడన్నా చూశారా?"

చూడలేదు. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఈ ఇల్లు కొనుక్కుని తొమ్మిదేళ్లయింది. రోజూ వేసే పోపు, ఆదివారం పూరీలు, పండగల గారెలు, వాటి నూనె ఆవిరంతా పైకి లేచి, దుమ్ముతో కలిసి అక్కడ గడ్డ కట్టి కూర్చుంది. తడిగుడ్డతో తుడిస్తే కదలదు. సబ్బునీళ్లు పోస్తే ఇంకా జారుడు. అమ్మ ముందు దాని మీద శెనగపిండి చల్లిందట. పావుగంట ఆగితే పిండి నూనెని పీల్చుకుని పొడిపొడిగా అవుతుంది, అప్పుడు అట్లకాడ పెడితే పెళ్లలుగా లేస్తుంది. తర్వాత సబ్బు కలిపిన వేణ్ణీళ్లు, ఆ తర్వాత పొడి మసిగుడ్డ. చివర్లో కాగితాలు పరిచేసింది. "వచ్చే ఏడు కాగితం తీసి అవతల పారేస్తే సరి, గీకే పని ఉండదు" అంది.

అమ్మకి అరవై తొమ్మిదేళ్లు. ఆ ఏడు మే నెలలో డెట్రాయిట్ విమానాశ్రయంలో వీల్‌చైర్‌లో బయటికొచ్చింది. మనందరం చేసేదే కదా! కనెక్టింగ్ ఫ్లైట్ దూరం, భాష రాదు, మోకాళ్ల నొప్పులు అని టికెట్‌తో పాటే వీల్‌చైర్ అడుగుతాం. ఇంటికొచ్చిన నెల తిరక్కుండానే అదే మనిషిని స్టూలెక్కనిస్తాం.

ఈ మాట మన వాళ్ల పాట్‌లక్‌లో, అంటే తలా ఒక వంట తెచ్చుకునే విందులో, అంటే ముగ్గురు మగవాళ్లు ఒకే జవాబు చెప్పారు. "మా అమ్మకి పని లేకపోతే తోచదండీ." నేనూ కొన్నేళ్లు ఇదే చెప్పుకున్నాను. పొద్దున ఎనిమిదిన్నరకి పిల్లలు బస్సెక్కుతారు, తొమ్మిదికి మనం తలుపేసుకుని పోతాం, లేకపోతే పైన గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటాం. ఆవిడకి డ్రైవింగ్ రాదు. వీధిలో మనిషి కనపడడు. విజిటర్ వీసా మీద ఉండే ఆరు నెలల్లో మిగిలేది ఆ ఇల్లూ, ఫోనూ. అందుకని అరలు సర్దుతుంది. దానికి ఇష్టం అని పేరు పెట్టడం మనకి సౌకర్యంగా ఉంది, అంతే. నా భార్య ఇంకో మాట కలిపింది. అత్తగారు అరలు తెరిస్తే తనకి టెన్షన్, తన సొంత అమ్మ తెరిస్తే బాధ. రెండు సందర్భాల్లోనూ నేను లాప్‌టాప్ ముందే ఉన్నాను.

మా చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. తెనాలి దగ్గర మా ఊళ్లో సంక్రాంతికి ముందు ఇల్లు దులపడమంటే ఇంటిల్లిపాదికీ పనే. ఇత్తడి సామాను చింతపండు పెట్టి తోమడం ఆడవాళ్లది. అటక మీద సామాన్లు దించడం, బూజు కర్ర పట్టడం, సున్నం వేయడం నాన్నది. కాఫీ కూడా తానుగా కలుపుకోని మనిషి, ఆ మూడు రోజులు తలకి గుడ్డ చుట్టుకుని కుంచె పట్టేవాడు. సున్నపురాళ్లు తొట్టిలో వేసి నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి పొగలొచ్చేవి. కళ్లలో పడుతుందని మమ్మల్ని అరుగు మీదే నిలబెట్టేవాళ్లు. చల్లారాక చిటికెడు నీలిమందు కలిపేవాడు, తెలుపు ఇంకా తెల్లగా కనపడాలని. భోగి నాటికి ఇల్లంతా సున్నం వాసన, నాన్న చేతులు పగిలి ఉండేవి, అమ్మ వాటికి కొబ్బరినూనె రాసేది.

తర్వాత సున్నం పోయి పెయింట్ వచ్చింది. అటక పోయి కేబినెట్లొచ్చాయి. సున్నంతో పాటు మగవాడి వాటా కూడా పోయింది. ఇత్తడి తోమే వాటా మాత్రం ఆడవాళ్ల దగ్గరే ఉండిపోయి, దానికి కొత్తవి తోడయ్యాయి. సముద్రం దాటేటప్పుడు మనం ఆవకాయ జాడీలు జాగ్రత్తగా ప్యాక్ చేసుకున్నాం గానీ, బూజు కర్ర ఎవరికి గుర్తుంది?

క్లీనింగ్ వాళ్లొస్తారు కదా అంటారు. మా ఇంటికీ రెండు వారాలకోసారి వస్తారు. నేల, బాత్‌రూములు, అద్దాలు. అవెన్ లోపల, ఫ్రిజ్ లోపల అంటే ఎక్స్‌ట్రా. పోయినేడు డీప్ క్లీనింగ్ అని డబ్బు కట్టాం. స్టవ్ పైన పొగ లాగే హుడ్‌ని బయట నుంచి తళతళలాడించి వెళ్లారు. కింద నుంచి తలెత్తి చూస్తే జాలీకి జిడ్డు బొట్లు బొట్లుగా వేలాడుతూనే ఉంది.

అసలు ఆ హుడ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో మురికికి మొదలు అక్కడే. చాలా ఇళ్లలో స్టవ్ మీద ఉండేది మైక్రోవేవ్‌కి అడుగున బిగించిన ఫ్యాన్. దానికి బయటికి గొట్టం ఉందో లేదో ఎక్కువమందికి తెలియదు. లేకపోతే అది చేసే పని, పోపు పొగని ఒక జాలీలోంచి, ఒక బొగ్గు ఫిల్టర్లోంచి లాగి, మైక్రోవేవ్ పైనుంచి మళ్లీ మన మొహం మీదికే వదలడం. ఫ్యాన్ పెట్టి, పైన ఉన్న సందుల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గాలి తగిలిందంటే మీ ఇంగువ ఘాటు ఎక్కడికీ పోవడం లేదు. జాలీని కడగొచ్చు, మన వంటకైతే నెలకోసారి కడగాలి. బొగ్గు ఫిల్టర్‌ని కడక్కూడదు, మార్చాల్సిందే. పైకప్పులోంచో గోడలోంచో బయటికి గొట్టం వేయించుకోగలిగితే, కొత్త సోఫా కంటే ముందు ఆ ఖర్చే పెట్టండి అంటాను నేను.

అమ్మకి కనపడనివి కొన్ని ఉన్నాయి, అవి పూర్తిగా మన బాధ్యతే. బేస్‌మెంట్‌లో ఇల్లు వేడిచేసే ఫర్నేస్‌కి ఉండే గాలి ఫిల్టర్ ఒకటి. అంగుళం మందంవి మూడు నెలలకి మించి ఉంచకూడదు, మా ఇంట్లో దసరాకి వేసింది ఉగాది దాకా ఉండేది. డ్రయ్యర్ వెనక గొట్టం రెండోది. అమ్మ తన నేత చీరలు ఎలాగూ డ్రయ్యర్లో వేయనివ్వదు, డెక్ రెయిలింగ్ మీద ఆరేస్తుంది, అలా ఆరేయకూడదని కమ్యూనిటీ వాళ్ల ఉత్తరం నాకొస్తుంది. అది వేరే కథ. ఆ గొట్టంలో చేరే నూగు మాత్రం సరదా కాదు. ఈ దేశంలో ఇళ్లలో డ్రయ్యర్ల వల్ల రేగే మంటలకి శుభ్రం చేయకపోవడమే ముఖ్య కారణమని ఇక్కడి ప్రభుత్వ ఫైర్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లే చెబుతారు.

ఇంకొకటి, సింకు కింద సీసాలు. మన ఊళ్లో అమ్మకి తెలిసినవి ఫినాయిలు, యాసిడ్, బ్లీచింగ్ పౌడరు. ఇక్కడి సీసాల మీద ఇంగ్లీషు, చిన్న అక్షరాలు. బ్లీచ్‌లో వెనిగరో, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనరో కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కిటికీ లేని బాత్‌రూములో తలుపేసుకుని కడిగే అలవాటున్న మనిషికి అది ఊపిరాడనివ్వదు. అమ్మోనియా ఉన్న అద్దాల స్ప్రే కూడా బ్లీచ్‌తో కలవకూడదు. మా అమ్మ వచ్చిన మొదటిసారి నేను వైఫై పాస్‌వర్డ్ నేర్పాను, టీవీ రిమోట్ నేర్పాను. ఈ మాట చెప్పాలని తట్టలేదు.

మరి ఎప్పుడు దులపాలి? ఉగాదికి అంటారు. ఈ ఏడు ఉగాది మార్చి 19నే వచ్చేసింది. మిషిగన్‌లో అప్పుడు కిటికీ తెరిస్తే ఫర్నేస్ ఆగకుండా కొట్టుకుంటుంది. పూజ గది, వంటగది అరలు సర్దుకుని ఉగాది పచ్చడి చేసుకుందాం, సరే. అసలు దులపడానికి కిటికీలు బార్లా తెరవాలి. ఈ దేశంలో చలి పోగానే ఇల్లు దులిపే ఆచారం వచ్చిందీ అందుకే అంటారు. చలికాలమంతా కట్టెలు, బొగ్గు, కిరసనాయిలు దీపాలు వెలిగించి ఇల్లంతా మసి పట్టేది, ఎండ రాగానే తివాచీలు బయట వేసి కొట్టేవాళ్లు. మా పక్కింటి ఇరానీ కుటుంబం తమ కొత్త సంవత్సరం నౌరోజ్‌కి ముందే మొదలుపెడతారు, దాన్ని ఖానే తకానీ అంటారట, అంటే ఇల్లు దులపడమే. వాళ్లింట్లో కార్పెట్లు మోసేది ఆయనే. గరాజ్ ముందు చెమటలు కక్కుతుంటే చాలా ఏళ్లు చూశాను, చెయ్యూపి లోపలికి పోయాను.

మాకు ఏప్రిల్ చివరి వారం కుదిరింది. అమ్మ మే రెండో వారంలో దిగుతుంది. కొత్త సంవత్సరం పేరు పరాభవ అని పంచాంగం చూసి నవ్వుకున్నాం గానీ, నా పరాభవం పోయినేడే అయిపోయింది కాబట్టి ఈసారి శనివారం పొద్దున ఏడింటికి లేచాను. హుడ్ జాలీలు తీసి లాండ్రీ తొట్లో వేణ్ణీళ్లు, గిన్నెల సబ్బు, గుప్పెడు బేకింగ్ సోడా వేసి నానబెట్టాను. డిష్‌వాషర్లో పెడితే అల్యూమినియం నల్లబడొచ్చు, అందుకని చేత్తోనే. అరగంటకి నీళ్లు టీ డికాక్షన్ రంగుకొచ్చాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతుంటే జాలీ కన్నాల్లోంచి వెలుతురు కనపడటం మొదలైంది. ఇన్నాళ్లూ ఆ ఫ్యాన్ ఎందుకంత అరిచేదో అప్పుడర్థమైంది.

మా వాడికి పదిహేనేళ్లు, నాకంటే పొడుగు. నిచ్చెనెక్కించి అమ్మ అట్లకాడ వాడి చేతికిచ్చాను. నానమ్మ పరిచిన కాగితాలు ఒక్క ఏడాదికే పసుపురంగు తిరిగి, పారదర్శకంగా అయిపోయాయి, ఆఫర్లో బెండకాయల ధర మాత్రం ఇంకా కనపడుతోంది. వాడు కాగితం చుట్టచుట్టి కింద పడేశాడు. కింద చెక్క శుభ్రంగా ఉంది. "ఇంతేనా?" అన్నాడు. వాణ్ణి గ్యారేజ్‌లో ఫ్రీజర్ దగ్గరకి తీసుకెళ్లాను, అక్కడ తేదీల్లేని కారప్పొడి పొట్లాలు, మూడేళ్ల గోంగూర ఉన్నాయి. మధ్యాహ్నం దాకా మళ్లీ మాట్లాడలేదు.

సాయంత్రం అమ్మకి వీడియో కాల్ చేసి, ఫోన్ పైకెత్తి కేబినెట్ల పైన చూపించాను. కొత్త కాగితాలు, మెరిసే జాలీలు, అన్నీ. ఆవిడ కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూసింది.

"బాగుందిరా. ఫ్రిజ్ జరిపారా?"