గాజు బండి ఎక్కితేనే ఆల్ప్స్ కనిపిస్తాయా?

చలికాలం దగ్గరపడగానే వాట్సాప్ గుంపుల్లో ఒక పోస్టు చేతులు మారడం మొదలవుతుంది. ఎవరు రాశారో తెలియదు, ఒక్కో చోట ఒక్కో రూపంలో ఉంటుంది గానీ సారం ఒకటే. డిసెంబరు మొదటి వారంలో స్విట్జర్లాండ్ వెళ్ళండి, అప్పుడు రద్దీ తక్కువ, మంచు మాత్రం ఖాయం. పర్యాటకులకు అమ్మే రైలు పాస్, అంటే స్విస్ ట్రావెల్ పాస్ కొంటే ఇంకో పైసా ఖర్చుండదు. పడమరనున్న జెర్మాట్ నుంచి తూర్పునున్న సెయింట్ మోరిట్జ్ దాకా పోయే, పైదాకా గాజు కిటికీలున్న గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే హిమానీనదాల పక్కనుంచి తీసుకెళ్తుంది, ఆ గాజు బండి తప్ప మామూలు రైళ్ళలో ఏమీ కనపడదు. జూరిక్‌లో మకాం పెట్టి పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు. స్విస్ బండ్లు నిమిషం కూడా ఆలస్యం కావు కాబట్టి తిరుగు విమానం అదే రోజుకి పెట్టుకోవచ్చు. ఇందులో నిజం పాలు చాలా తక్కువ. దీన్ని నమ్మి లక్షలు కట్టేవాళ్ళున్నారు కాబట్టి ఒక్కో మాటా విడదీసి చూడాలి.

ముందు ఆ డిసెంబరు మొదటి వారం సంగతి. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఏడాది పొడుగునా నడవదు. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా దాదాపు రెండు నెలలు ఆపేస్తారు. అంటే పోస్టు చెప్పిన వారంలో, పోస్టు చెప్పిన బండే ఉండదు! స్విట్జర్లాండ్‌లో కొత్త టైమ్‌టేబుల్ డిసెంబరు మధ్యలో అమల్లోకి వస్తుంది, ఈ బండి చలికాలపు సీజనూ దాదాపు అప్పుడే మొదలవుతుంది. విమానం టికెట్ కొనే ముందు ఆ ఏడాది తేదీలు చూసుకోకపోతే ఇక్కడే దెబ్బతింటారు.

మంచు ఖాయమన్నదీ సగమే నిజం. ఈ దారి ఒకే ఎత్తులో పోదు. బ్రిగ్ ఊరు 670 మీటర్ల ఎత్తున, కూర్ 585 మీటర్ల ఎత్తున ఉంటాయి. నడుమ ఓబర్‌ఆల్ప్ కనుమ దగ్గర బండి 2,033 మీటర్లకు ఎక్కుతుంది. డిసెంబరు తొలి రోజుల్లో కనుమ మీద తెల్లగా ఉండి, కింద లోయల్లో ఎండిన గడ్డి, తడి మట్టి కనిపించడం మామూలే. పోస్టర్లలో తెల్లటి మంచు నడుమ పాములా తిరిగే రైన్ నది లోయ కూడా 600, 700 మీటర్ల ఎత్తుదే, అక్కడ మంచు ఏ ఏటికి ఆ ఏడే. 1,500 మీటర్లు దాటిన చోట జనవరి నుంచి మార్చి దాకా మంచును నమ్ముకోవచ్చు. అయితే తేదీ ఎంచుకునేటప్పుడు మంచుకంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది: వెలుతురు.

డిసెంబరు మధ్యలో అక్కడ పొద్దు పొడిచేది ఉదయం 8 దాటాక, కుంకేది సాయంత్రం 4.40 లోపే. అదీ మైదానంలో లెక్క. ఇరుకు లోయల్లో కొండ అడ్డం కాబట్టి ఎండ ఇంకా ఆలస్యంగా వచ్చి, ఇంకా త్వరగా పోతుంది. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కి 291 కిలోమీటర్లు, ప్రయాణం సుమారు 8 గంటలు. (సికింద్రాబాద్ నుంచి విశాఖకు వందే భారత్ దాదాపు అంతే సేపట్లో 700 కిలోమీటర్లు పోతుంది. పేరులోని ‘ఎక్స్‌ప్రెస్’ను చూసి మోసపోకండి.) ఎనిమిదిన్నర గంటల వెలుతురులోకి ఎనిమిది గంటల ప్రయాణాన్ని ఇరికించాలి. గంట అటూఇటూ అయితే దారిలో ఒక ముక్క చీకట్లో కలిసిపోతుంది.

ఏ ముక్క పోతుందన్నది మీరు ఎటు నుంచి ఎక్కారన్న దాన్నిబట్టి ఉంటుంది. జెర్మాట్‌లో ఎక్కితే లాండ్‌వాసర్ వంతెన, ఆ తర్వాత బెర్గ్యూన్, ప్రెడా మధ్య కొండను చుట్టుకుంటూ ఎక్కే అల్బులా మలుపులు చివరి గంటన్నరలో వస్తాయి. మొత్తం దారిలో ఇంజనీరింగ్ చూడాలంటే ఇక్కడే చూడాలి. డిసెంబరులో అక్కడికి చేరేసరికి మసక వెలుతురు మిగులుతుంది, ఆలస్యంగా బయల్దేరిన బండైతే అదీ ఉండదు. అదే సెయింట్ మోరిట్జ్‌లో ఎక్కితే ఇవన్నీ పొద్దున్నే, కొత్త వెలుతురులో వస్తాయి. చివర్లో చీకటి పడేది విస్ప్ నుంచి జెర్మాట్‌కి ఎక్కే లోయలో. దాన్ని పోగొట్టుకున్నట్టు కాదు. జెర్మాట్‌కి వేరే రైలు దారి లేదు, తిరిగి కిందికి వచ్చేది ఆ లోయలోనే, పట్టపగలు. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో తూర్పు నుంచి పడమరకు రావడమే లాభం. ఫిబ్రవరి చివరికి పొద్దు 6 దాకా ఉంటుంది, అప్పుడు ఎటు నుంచి ఎక్కినా ఒకటే. తేదీ మన చేతిలో ఉంటే ఫిబ్రవరి రెండో సగమో మార్చి మొదటి వారమో మేలు.

‘హిమానీనదాల పక్కనుంచి తీసుకెళ్తుంది’ అన్నది పేరును బట్టి అల్లిన మాట. పేరులోని హిమానీనదం రోన్ హిమానీనదం. 1930లో ఈ బండి మొదలైనప్పుడు ఫుర్కా కనుమ మీదుగా పోతూ దాన్ని చూపించేది. ఆ కొండదారి చలికాలంలో పూర్తిగా మూసేవాళ్ళు. స్టెఫెన్‌బాఖ్ వాగు మీది వంతెనను కొండ మీంచి జారిపడే మంచు లాక్కుపోకుండా ప్రతి శరత్తులో విప్పి మడిచిపెట్టేవాళ్ళు. 1982లో 15.4 కిలోమీటర్ల ఫుర్కా సొరంగం తెరిచాకే ఈ బండికి చలికాలపు ప్రయాణం సాధ్యమైంది. కానీ సొరంగంతో పాటే రోన్ హిమానీనదం కిటికీలోంచి తప్పుకుంది. పాత కొండదారిలో ఇప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు ఆవిరి బండి నడుపుతారు, అదీ వేసవిలోనే. రైల్లోంచి హిమానీనదం చూడాలనే పట్టుదల ఉంటే సెయింట్ మోరిట్జ్ నుంచి ఇటలీలోని టిరానోకి పోయే బెర్నీనా దారి పట్టాలి. అక్కడ మోర్టెరాట్ష్ దూరంగా ఒక్క క్షణం, ఆల్ప్ గ్రూమ్ స్టేషన్ నుంచి పాల్యూ తీరిగ్గా కనిపిస్తాయి. చలికాలంలో వాటి మీదా మంచు కప్పేస్తుంది కాబట్టి నీలి మంచుగడ్డ కోసం వెతకొద్దు, కొండ ఒంపులో తెల్లటి నాలుకలా ఉంటుంది. అలాగే ఫొటోల్లోని పాలనీలి లాగో బియాంకో సరస్సు కూడా గడ్డకట్టి, మంచు కింద మైదానంలా పడి ఉంటుంది. ఆ రంగు వేసవిది.

ఇక అసలు పాయింటు, గాజు బండి. మామూలు రైళ్ళు వేరే దారిన పోతాయని చాలామంది గట్టి నమ్మకం. అక్కడున్నది ఒకటే మీటర్ గేజ్ పట్టా. దాని మీదే స్థానిక బండ్లు రోజంతా, చాలా చోట్ల గంటకొకటి చొప్పున తిరుగుతాయి. అదే వంతెన, అదే కనుమ, అదే మలుపు. స్థానిక బండికి రిజర్వేషన్ అక్కర్లేదు. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో అది తప్పనిసరి, పాస్ ఉన్నా సరే, 50 ఫ్రాంకుల అటూఇటూ విడిగా కట్టాలి. బెర్నీనా దారిలోని గాజు బండి బెర్నీనా ఎక్స్‌ప్రెస్‌కి 30 అటూఇటూ. నలుగురి కుటుంబం రెండూ ఎక్కితే ఒట్టి సీట్ల ఖర్చే ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

గ్లేసియర్ దారిని స్థానిక బండ్లలో చేయాలంటే సెయింట్ మోరిట్జ్ నుంచి కూర్, కూర్ నుంచి డిసెంటిస్, అక్కణ్ణుంచి ఆండర్‌మాట్, ఆ తర్వాత విస్ప్, చివరికి జెర్మాట్. నాలుగు మార్పులు. మొత్తం సమయం గాజు బండికి కాస్త అటూఇటూగా అంతే. ఆండర్‌మాట్‌లో దిగి గంట తిరిగి తర్వాతి బండి పట్టుకోవచ్చు, గాజు బండిలో ఆ వెసులుబాటు లేదు. ఇబ్బందులు రెండున్నాయి. డిసెంటిస్, ఆండర్‌మాట్ మధ్య పొద్దున తొమ్మిదికీ సాయంత్రం నాలుగుకీ స్కీయింగ్ వాళ్ళు పొడుగాటి పలకలతో బండి నింపేస్తారు, ఆ వేళలు తప్పించాలి. రెండోది సామాను. మారడానికి చాలా చోట్ల పది నిమిషాల్లోపే ఉంటుంది. మనిషికి రెండేసి 23 కిలోల పెట్టెలు ఈడ్చుకుంటూ ఈ పని కాదు. పెద్ద పెట్టెలను స్టేషన్ నుంచి స్టేషన్‌కి పంపే సేవ స్విస్ రైల్వేలో ఉంది. ముందే పంపేసి, భుజాన ఒక సంచితో బండెక్కాలి.

అరకు విస్టాడోమ్‌లో ఫొటోలు తీసినవాళ్ళకి గాజు సంగతి చెప్పక్కర్లేదు. కొండ కోసం ఫోను ఎత్తితే అందులో ఎదుటి సీటు ఎర్ర స్వెట్టరు పడుతుంది. గాజు బండి కిటికీలు తెరుచుకోవు, పైన వంపు తిరిగి ఉంటాయి, చలికాలపు వాలు ఎండ ఆ వంపు మీద పడి మెరుస్తుంది. ఎక్కితే ముదురు రంగు చొక్కా వేసుకుని, లెన్సును గాజుకు ఆనించి, చుట్టూ నల్లటి మఫ్లర్ కప్పి తీయాలి. బెర్నీనా స్థానిక బండ్లకు తగిలించే పాత పెట్టెల్లో కిటికీ అద్దం కిందికి దింపుకోవచ్చు. బ్రూసియో దగ్గర బండి తన తోకను తానే చూసుకుంటూ గుండ్రటి వంతెన మీద తిరిగేటప్పుడు, ముందరి ఇంజను వంతెన తూముల కిందుగా దూరుతుంటే వెనక పెట్టెలోంచి అడ్డం లేకుండా తీసిన ఫొటో గాజు బండిలో రాదు. తల, చెయ్యి మాత్రం బయటపెట్టకండి, స్తంభాలు దగ్గరగా ఉంటాయి. కూర్ నుంచి టిరానో వైపు పోతుంటే కుడివైపు కూర్చోండి, ముఖ్యమైనవి ఎక్కువ అటే.

గాజు బండి ఎక్కనే వద్దా? పెద్దవాళ్ళు, నడవలేనివాళ్ళు, బండ్లు మారే ఓపిక లేనివాళ్ళు ఉంటే హాయిగా ఎక్కండి. సీటు దగ్గరకే భోజనం వస్తుంది, కదలక్కర్లేదు. పిల్లలుంటే మాత్రం ఎనిమిది గంటలు సీటులో ఉంచడం ఎంత కష్టమో తల్లిదండ్రులకే తెలియాలి. ఆల్ప్స్‌ను రైల్లోంచి చూసే మొదటిసారికి ఒక్కటే ఎంచుకోమంటే గ్లేసియర్ కాదు, బెర్నీనా. సెయింట్ మోరిట్జ్ నుంచి టిరానోకి 60 కిలోమీటర్లు, రెండున్నర గంటలు. అంతలోనే 2,253 మీటర్ల ఓస్పిజియో బెర్నీనా ఎక్కి, 429 మీటర్ల టిరానోకి దిగుతుంది. పళ్ళచక్రం సాయం లేకుండా, ఒట్టి చక్రాల పట్టుతో, నూటికి ఏడు మీటర్ల వాలులో. ఓబర్‌ఆల్ప్ దారిలో ఇంకా నిటారు వాలులకు పళ్ళపట్టా ఉంటుంది, ఇక్కడ అదీ లేదు. కొండ మీద మంచులో బయల్దేరినవాళ్ళు చివర్లో ట్రామ్‌లా వీధి మధ్యలోంచి ఊళ్ళోకి వస్తారు. శాకాహారులకు టిరానోలో పిజ్జొకేరి అడగండి. బక్‌వీట్ అనే గింజల పిండి ఎక్కువగా వేసి చేసిన పట్టీలు, క్యాబేజీ, బంగాళాదుంప, జున్ను. చలికి బాగుంటుంది, కానీ ఒక ప్లేటు ఇద్దరికి సరిపోతుంది.

పాస్ ఉంటే పైసా ఖర్చు లేదన్నది ఇప్పటికే తేలిపోయింది, సీట్లకు విడిగా కట్టాలి. కొండ రైళ్ళ సంగతి ఇంకా ఉంది. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి పాస్ గ్రిండెల్వాల్డ్, వెంగెన్ దాకానే, ఆ పైన 25 శాతం తగ్గింపు మాత్రమే. గోర్నెర్‌గ్రాట్‌కి సగం. రిగి కొండకు మాత్రం పాస్‌తో పూర్తిగా ఉచితం, 1871లో మొదలైన ఆ దారిని ఎందుకో పోస్టులు పట్టించుకోవు. పాస్ కొనాలా వద్దా అన్నది నమ్మకంతో తేల్చేది కాదు. రోజువారీగా పోయే దారుల పూర్తి ఛార్జీలు స్విస్ రైల్వే యాప్‌లో చూసి కూడండి. ఒకే చోట రెండు మూడు రోజులు ఉండేవాళ్ళకు టికెట్లు సగం ధరకు ఇప్పించే హాఫ్ ఫేర్ కార్డే చవక పడొచ్చు. ఫలానా రోజు పక్కా అనుకుంటే ఆ ఒక్క రోజుకు చెల్లే సేవర్ డే పాస్ ముందే కొనండి, ఆలస్యమయ్యేకొద్దీ ధర పెరుగుతుంది. 16 ఏళ్ళలోపు పిల్లలకు పాస్‌తో పాటు ఫ్యామిలీ కార్డు ఉచితంగా అడిగి తీసుకోండి.

జూరిక్ నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి రావడం: జెర్మాట్‌కి మూడుంబావు గంటలు, గ్లేసియర్ ఎనిమిది, సెయింట్ మోరిట్జ్ నుంచి జూరిక్‌కి మూడున్నర దాకా. పద్నాలుగు గంటలు దాటింది, సగం చీకట్లో. ఒక రాత్రి కూర్‌లో పడుకుంటే సగం చిక్కు విడిపోతుంది, సెయింట్ మోరిట్జ్ అంత ఖరీదూ కాదు.

జూరిక్‌లో మబ్బు పట్టిందని యాప్ చూపిస్తే ప్రయాణం మానుకోకండి. చలికాలంలో స్విస్ మైదానం మీద పొగమంచు మూతలా పరుచుకుంటుంది, చాలాసార్లు దాని పైఅంచు వెయ్యి మీటర్ల దగ్గరే. కింద రోజుల తరబడి బూడిదరంగు, పైన నిండు ఎండ. కనుమల దగ్గరి వెబ్‌క్యామ్‌లు చూసి బయల్దేరండి.

చివరిగా, నిమిషం ఆలస్యం కావన్న మాట. మామూలు రోజుల్లో స్విస్ రైల్వే మూడు నిమిషాల్లోపు వస్తేనే సమయానికి వచ్చినట్టు లెక్కిస్తుంది, నిజమే. హిమపాతం ముప్పు ఉన్న రోజు ఆ లెక్క చెల్లదు. కొండ మీది మంచు జారే ప్రమాదం ఉందనుకుంటే దారి మూసేస్తారు, ఎవరి విమానం కోసమూ తెరవరు. 2018 జనవరిలో జెర్మాట్‌కి రోడ్డూ రైలూ రెండూ తెగి సుమారు 13,000 మంది పర్యాటకులు పైనే ఉండిపోయారు. ఓబర్‌ఆల్ప్ దారి కూడా భారీగా మంచు కురిసినప్పుడు మూతపడుతుంది. అందుకని తిరుగు విమానానికి ముందు రాత్రి జూరిక్‌లోనో జెనీవాలోనో దిగిపోవాలి. జెర్మాట్‌ను ప్రయాణం చివర్లో కాకుండా మధ్యలో పెట్టుకోవాలి.

పోస్టులో లేకపోయినా దాని కింద ఎప్పుడూ అడిగే ప్రశ్నలు రెండు. టిరానో ఇటలీలో ఉంది, వేరే వీసా కావాలా? అక్కర్లేదు, రెండూ షెంగెన్ దేశాలే, సింగిల్ ఎంట్రీ వీసాతోనే వెళ్ళి రావచ్చు. పాస్‌పోర్టు మాత్రం జేబులో ఉండాలి. ఇంటి నుంచి తినేవి తెచ్చుకోవచ్చా? ఆవకాయ, పులిహోర పొడి, మరమరాలు పర్లేదు. కోడి పచ్చడి, పాలకోవా లాంటివి వద్దు. ఐరోపా బయటి నుంచి మాంసం, పాల వస్తువులు తేవడం స్విట్జర్లాండ్‌లో నిషేధం, దొరికితే విమానాశ్రయంలోనే చెత్తబుట్టలోకి పోతాయి.