భారత్ బిల్డింగులో మళ్ళీ మనుషులు తిరగాలి

ఆంధ్ర దేశం నుంచి మద్రాసు చూడటానికి రైలెక్కి వచ్చే రోజుల్లో మనవాళ్ళకు ఒక లిస్టు ఉండేది. బీచి, మూర్ మార్కెట్, చచ్చిన కాలేజీ (మ్యూజియం), బతికిన కాలేజీ (జూ), ఆ తర్వాత మౌంట్ రోడ్డులో మెడ పైకెత్తి అంతస్తులు లెక్కపెట్టుకునే ఎల్‌ఐసీ బిల్డింగు. మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఎల్‌ఐసీ బిల్డింగు నిక్షేపంగా ఉంది. అదే రోడ్డు మీద, అదే సంస్థ చేతిలో, దానికన్నా అరవై ఏళ్ళకు పైగా పెద్దదైన ఇంకో భవనం ఉంది. దాన్ని మాత్రం తాళం వేసి, సగం కూలగొట్టి వదిలేశారు. భారత్ ఇన్సూరెన్స్ బిల్డింగు విషయంలో ఎల్‌ఐసీ ఇక ఆలస్యం చేయకూడదని మేము గట్టిగా కోరుతున్నాం.

ఆ భవనం 1897లో పూర్తయింది. ఊటీలో మందుల వ్యాపారం మొదలుపెట్టి మద్రాసు చేరిన డబ్ల్యూ.ఇ. స్మిత్ అనే దొర దాన్ని కట్టించాడు. డిజైన్ చేసింది జె.హెచ్. స్టీఫెన్స్. మన కమానులు, మినార్లు, గుమ్మటాలను ఇంగ్లీషు కట్టడపు లెక్కలతో కలిపిన ఇండో సారసనిక్ పద్ధతి అది. హైకోర్టు, సెనేట్ హౌస్ కూడా ఆ కుదురులోవే. కానీ అవి ప్రభుత్వం, యూనివర్సిటీ కట్టుకున్నవి. ఇక్కడ ఒక మందుల షాపు యజమాని తన కొట్టుకు అంత హంగు కావాలనుకున్నాడు! కింద పెద్ద షోరూము, డాక్టర్లు రోగులను చూసే గదులు, శస్త్రచికిత్స పనిముట్ల అమ్మకం, సోడా తయారీ, అద్దెకిచ్చే ఇళ్ళు, అన్నీ ఒకే కప్పు కింద ఉండేవి. ఒక్క అవసరానికని కట్టింది కాదు కాబట్టే తర్వాత ఎవరు వచ్చినా అందులో ఇమడగలిగారు.

1925లో స్మిత్ వ్యాపారం స్పెన్సర్ కంపెనీ చేతికి వెళ్ళింది. 1934లో భారత్ ఇన్సూరెన్స్ కంపెనీ భవనాన్ని కొన్నది. లాలా హరికిషన్ లాల్ 1896లో లాహోర్‌లో స్థాపించిన కంపెనీ అది. ఆ తర్వాత దాల్మియా గ్రూపు చేతిలో పడింది. పాలసీదారుల డబ్బు దారిమళ్ళిందని ఫిరోజ్ గాంధీ 1955 డిసెంబరులో లోక్‌సభలో నిలదీసింది ఈ కంపెనీ గురించే. మరుసటి నెలలోనే జీవిత బీమా జాతీయం అయింది. 1956 సెప్టెంబరు 1న 245 సంస్థలు కలిసి ఎల్‌ఐసీ ఏర్పడింది. అంటే ఎల్‌ఐసీ పుట్టుకకు దారితీసిన కథలో ఒక పాత్ర పేరు ఈ భవనం మీద ఉంది. ఇంతకన్నా తన సొంత చరిత్ర అనదగిన కట్టడం ఆ సంస్థకు ఈ నగరంలో ఇంకొకటి ఉందా?

ఎత్తయిన ఎల్‌ఐసీ బిల్డింగుదీ చేతులు మారిన కథే. యునైటెడ్ ఇండియా కంపెనీ కోసం ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియార్ మొదలుపెట్టారు. 1954లో సింగపూర్ విమాన ప్రమాదంలో ఆయన పోయారు. 1959 ఆగస్టులో ప్రారంభోత్సవం నాటికి యజమాని ఎల్‌ఐసీ. 1975 జులైలో మంటలు చుట్టుముట్టినప్పుడు ఆ భవనాన్ని ఎవరూ వదులుకోలేదు. బాగుచేసి మళ్ళీ ఆఫీసులు తెరిచారు. ఈరోజు మెట్రో స్టేషన్‌కి కూడా దాని పేరే. కాలిపోయిన భవనాన్ని నిలబెట్టుకున్న సంస్థ పాతబడిన భవనాన్ని ఎందుకు నిలబెట్టుకోలేదు?

అద్దెకున్నవాళ్ళు వెళ్ళిపోయాక 2006లో కూల్చివేత మొదలైంది. పాత కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ కోర్టుకెక్కింది. పడగొట్టొద్దని 2010లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చిందని మనమందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ కోర్టు గునపాన్ని ఆపగలదు, వానను ఆపలేదు. పాత మద్రాసు కట్టడాలు చాలావరకు ఇటుక, సున్నంతో కట్టినవి. టేకు దూలాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి, పైన సున్నం గచ్చు వేసిన మద్రాసు టెర్రస్ కప్పులు వాటివి. మనుషులు తిరుగుతుంటే ఎవరో ఒకరు వానాకాలానికి ముందు తూములు శుభ్రం చేయిస్తారు, పగులులో మొలిచిన రావి మొక్కను పీకేస్తారు. ఖాళీగా ఉంటే ఆ మొక్క వేరు గోడలోకి దిగుతుంది. ఈశాన్య రుతుపవనాల వాన ఆ సందులోంచి దూలానికి చేరుతుంది. ఆ తర్వాత ఇంజినీరు వచ్చి ప్రమాదకరం అని రాసిస్తే అది నిజమే అవుతుంది.

మెరీనా ఎదురుగా ఉన్న డీజీపీ ఆఫీసును చూడండి. 1839లో ఫ్రీమేసన్లనే సంఘం వాళ్ళ సమావేశాల లాడ్జిగా కట్టింది. పోలీసు శాఖ మొదట అద్దెకు తీసుకుని 1874లో కొనుక్కుంది. 1990లలో దాన్నీ కూల్చి బహుళ అంతస్తుల భవనం కట్టాలనుకున్నారు. ఇంటాక్ కోర్టుకెళ్ళింది, ప్రభుత్వం మనసు మార్చుకుంది, భవనాన్ని బాగుచేయించింది. ఇవాళ్టికీ అక్కడ ఆఫీసు నడుస్తోంది. రెండు చోట్లా అడ్డుపడింది ఒకే సంస్థ. డీజీపీ ఆఫీసులో కుర్చీలు, ఫైళ్ళు, మనుషులు మిగిలారు. మౌంట్ రోడ్డులో ఎవరూ మిగల్లేదు.

పాలసీదారుల డబ్బు పాత గోడల మీద పోయడం ఎందుకని కొందరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మౌంట్ రోడ్డులో అంత స్థలాన్ని ఇన్నేళ్ళు పైసా అద్దె రాకుండా ఉంచడం కూడా పాలసీదారుల డబ్బుతో చేస్తున్న పనేనని మా జవాబు. ఆ పాలసీదారుల్లో ఈ నగరంలోని తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. జార్జి టౌన్ తంబుచెట్టి వీధిలో ఆంధ్రపత్రిక అడ్రసు చెరిగిపోయాక ఏం మిగిలిందో మనకు తెలుసు. పేరు తలచుకుంటాం, చూపించడానికి గుమ్మం ఉండదు.

ఎల్‌ఐసీ ముందుగా భవనం ఇప్పటి స్థితిపై నిపుణుల నివేదికను బయటపెట్టాలి. ఈ వానాకాలానికి ముందే కప్పు మీది మొక్కలు తీయించి, నీరు కారే చోట్ల తాత్కాలిక కప్పు వేయించాలి. సున్నం పని తెలిసిన మేస్త్రీలను పిలిపించి మౌంట్ రోడ్డు వైపు భాగాన్ని ముందు బాగుచేసి, కింది అంతస్తులో తన బ్రాంచి ఆఫీసే ఒకటి పెట్టవచ్చు. మిగతాది విడతలవారీగా అద్దెకివ్వవచ్చు. 2012లో వారసత్వ కమిషన్ చట్టం చేసిన రాష్ట్ర ప్రభుత్వం ఈ పనికి గడువు పెట్టి, ఎంతవరకు వచ్చిందో ప్రజలకు చెప్పాలి.