తాబేలు చచ్చి ఒడ్డుకొస్తే పల్లె మీదా నింద?

జనవరి వస్తే చాలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లీ తాబేళ్ల ఫోటోలతో ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతుంది. "వీటిని చంపుతున్నది తీరంలోని జాలర్లే. గుడ్లు తినేదీ వాళ్లే. గుడ్లు పెట్టే కాలంలో వాళ్లను బీచ్‌కి రానివ్వకూడదు. తాబేలు పిల్లలు కనిపిస్తే మీరే పట్టుకెళ్లి నీళ్లలో వేయండి" అని దాని సారాంశం. చదవగానే ఒళ్లు మండుతుంది, నలుగురికీ పంపేస్తాం.

"జాలర్లే చంపుతున్నారు" అంటున్నారు. ఏ జాలర్లు? తాబేలు ఉండేది నీళ్లలోనైనా పీల్చేది గాలే. సంచిలాంటి ట్రాల్ వలను మరబోట్లు గంటల తరబడి నీళ్లలో ఈడుస్తాయి. అందులో పడ్డ తాబేలు పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. అందుకే చాలా కళేబరాల మీద గాయమే కనిపించదు. ఎక్కడో చచ్చి, ఉబ్బి, నీటివాటుకు కొట్టుకొస్తుంది. అది ఒడ్డుకు చేరిన ఊరికి దాని చావుతో సంబంధం ఉండాలనేం లేదు. చిన్న బోట్ల వలల్లోనూ తాబేళ్లు పడతాయి, కాదనను. అయినా చిన్న ఫైబర్ బోటులో వేటకెళ్లే వాడినీ ట్రాల్ వల ఈడ్చే సోనా బోటు యజమానినీ ఒకే గాటన కడితే అసలు సంగతి పక్కకు పోతుంది.

అసలు సంగతి టెడ్, అంటే వలలోంచి తాబేలును బయటికి పంపే సాధనం (టర్టిల్ ఎక్స్‌క్లూడర్ డివైస్). వల మెడలో బిగించే కడ్డీల చట్రం అది. రొయ్యలు, చేపలు కడ్డీల సందుల్లోంచి వెనక్కి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపడేలా దీన్ని తయారు చేసింది. కొంత చేప కూడా జారిపోతుందని యజమానుల బాధ. ఆ బాధ ఉత్తదేం కాదు. కానీ టెడ్ వాడటం లేదనే సముద్రంలో పట్టిన మన రొయ్యలను 2019లో అమెరికా వద్దంది. చెరువు రొయ్యలకు ఆ ఇబ్బంది లేదు.

ఇక గుడ్లు. ఒకప్పుడు తిన్నారు, అమ్ముకున్నారు కూడా. ఒడిశాలోని గహీర్మఠ నుంచి 1970ల తొలినాళ్లలో గుడ్లు పడవల మీద బజారుకెళ్లేవి. అయితే గూడు ఎక్కడుందో కనిపెట్టే ఆ నేర్పే ఇప్పుడు కాపలాకి పనికొస్తోంది. రాత్రంతా ఇసుకలో నడుస్తూ తాబేలు పాకిన చార వెతకాలి. చార ఆగిన చోట కర్రతో మెల్లగా గుచ్చితే, గూడున్న చోట ఇసుక మెత్తగా దిగుతుంది. వందకు పైగా ఉండే ఆ గుడ్లను కుక్కలు, నక్కలు తవ్వకముందే, కొద్ది గంటల్లోనే, కుదుపు లేకుండా, తలకిందులు చేయకుండా హేచరీకి, అంటే గుడ్లను కాపాడి పొదిగించే చోటికి, తేవాలి. అక్కడ మూరెడు లోతు గుంట తీసి పూడుస్తారు. ఈ పని నగరం నుంచి వీకెండ్‌కి వచ్చేవాళ్ల వల్ల అయ్యేది కాదు.

మరి ఈ పని తెలిసిన జాలర్లనే తీరానికి రానివ్వకపోతే ఎలా? ఒడిశా గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట వేల తాబేళ్లు ఒకేసారి గుడ్లు పెడతాయి. అక్కడ చుట్టుపక్కల పల్లెల కుర్రాళ్లే కమిటీగా ఏర్పడి కాపలా కాస్తున్నారు. తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో ట్రీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా మత్స్యకార యువకులనే రక్షకులుగా పెట్టుకుంది.

తాబేలు పిల్లల్ని పట్టుకెళ్లి నీళ్లలో వేయడం మాత్రం అసలు వద్దు. వాటంతట అవే ఇసుక మీద పాకి వెళ్లాలి. వెలుతురున్న వైపు పోవడం వాటి నైజం. వీధి దీపాలు, రిసార్టు లైట్లు వాటిని రోడ్డు మీదికి లాగేస్తాయి. పిల్లలు కనిపిస్తే ఫోన్ ఫ్లాష్ ఆపండి, కుక్కల్ని తోలండి, అటవీశాఖకో పల్లెలోని కాపలావాళ్లకో కబురు పెట్టండి.